శ్రుతియు, స్మృతియు



నేటి నా ప్రసంగవిషయము మన గ్రామములలోని పెద్దలకు క్రొత్తగ దోచవచ్చును. పాటను, పురాణమును, ప్రసంగమును ఫోనులో వినిపించు సాఫ్టువేరు కలదు గదా. దానియందొక లోపము కలుగవచ్చుననియు, ఆ లోపమువలన వినువాని ఫోను పరులపాలు కావచ్చుననియు చెప్పుట నా యుద్దేశము. నేను తెలుగు, సంస్కృతము చెప్పుకొని బ్రదికిన పంతులను, యంత్రశాస్త్రజ్ఞుడను గాను. అయినను ఈ విషయమును నేనే చెప్పవలసివచ్చినది. ఏలయన, దీనిని గూర్చి నేనొక తప్పుమాట చెప్పియుంటిని. పంతులు చెప్పిన తప్పును పంతులే దిద్దవలెను.

జరిగినది యిది. ఒక కార్తికమాసమున సాయంకాలపువేళ నా యీడు రైతుమిత్రుడొకడు మా యరుగుమీదికి వచ్చి కూర్చుండెను. అతని చేతిలోని ఫోను పాతది. పట్టణముననున్న కుమారుడు తాను క్రొత్తది కొనుక్కొని తండ్రికిచ్చినది. దానికి పేరు తెలియని నెంబరునుండి యొక భజనపాట వచ్చినది. "సారూ, ఎవరో తెల్వనోళ్లు పంపిన పాట ఇంటే ఫోను ఖరాబైతదని పిలగాండ్లు అంటున్నరు. నిజమేనా?" అని యతడడిగెను. నేను నవ్వితిని. "విషము త్రాగినవాడు చచ్చును గాని, విన్నవాడు చచ్చునా? పాట పాటయే గాని దొంగ కాదు. నిశ్చింతగా వినవయ్యా" అంటిని. మఱునాడతడు రచ్చబండకడ నలుగురికిని ఆ మాటయే చెప్పెను. సారు చెప్పినాడు గావున సత్యమే యని వారును నమ్మిరి.

ఆ సంక్రాంతికి ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు వచ్చినది. నేనీ ముచ్చటను వినోదముగ చెప్పితిని. ఆమె నవ్వలేదు. "తాతయ్యా, అది తప్పు. ధ్వనిఫైళ్లవలన ఫోనులు పరుల చేతిలో పడగలవు. నీ మాటమీద ఎందఱు వింటున్నారో" అన్నది. నాకు కొంచెము కోపము వచ్చినమాట నిజము. ముప్పది సంవత్సరములకు పైగ పాఠము చెప్పినవాడను గదా. ఋజువేమని యడిగితిని. పండుగ నాలుగు దినములును ఆమె పాఠము చెప్పినది, నేను విద్యార్థినై కూర్చుంటిని. ఆ పాఠమునే నేడు మీకు నివేదించుచున్నాను.

ఇట్టి విషయమును తెలుగున చెప్పవచ్చునా యని కొందఱు సందేహింపవచ్చును. మన నడిగూడెమున మునగాల సంస్థానమునకు దివానుగ నుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు పూనుకొని, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగువారికి తెలుగుననే యందింపజేసిరి. వారు వేసిన బాట యుండగా మనకు వెఱపేల?

మొదట ధ్వని సంగతి. పాత రేడియోపెట్టె తనకు వచ్చిన తరంగమును వచ్చినట్లే ధ్వనిగ మార్చును. తరంగము చెడినచో గరగర యను రొద వినబడును; పెట్టెకు మఱి హాని లేదు. నా చిన్నతనమున పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుండి విన్న రేడియో అట్టిదే. వినుటవలన చెఱుపు లేదను నా నమ్మకము ఆ పెట్టెనుండి వచ్చినది. ఫోను మార్గము వేఱు. అది ధ్వనిని అంకెలుగ దాచును. సంగీతపు సీడీలో ఒక్క సెకనునకు 44,100 మార్లు ధ్వనిని కొలిచి, కుడి యెడమలకు వేర్వేఱుగ ఆ కొలతలను నింపుదురు. ఒక్కొక్క కొలతకు 2 బైట్లు పట్టును. బైటనగా అంకెను నిలుపుటకు యంత్రమునందుండు చిన్న గడి. ఈ లెక్కన ఒక్క నిమిషపు పాటకు 1,05,84,000 గడులు కావలెను. ఇంత భారమును పంపుట కష్టము గావున దానిని కుదించి మూటగట్టుదురు. ఎం.పి.3 యనునది అట్టి మూటకట్టు పద్ధతులలో నొకటి. తఱచుగ వాడు కొలతలో నది పాటను సుమారు పదునొకండవ వంతునకు తెచ్చును. ఆ మూటను విప్పి మరల ధ్వనిగ చేయు సాఫ్టువేరును డీకోడరందురు. మనము దానిని మూటవిప్పువాడని చెప్పుకొందము.

మూటవిప్పువానికి విప్పిన సరకును పెట్టుకొను చోటు కావలెను. ఫోనులోని యా చోటును మెమరీ యందురు. స్మృతి యని దాని యర్థము. వినబడునది శ్రుతి, నిలుపుకొనునది స్మృతి. శ్రుతికిని స్మృతికిని విరోధము వచ్చినచో శ్రుతియే ప్రమాణమని మన పెద్దల నిర్ణయము. ఈ యంత్రములో మాత్రము వచ్చిన శ్రుతినెల్ల ప్రమాణముగ నమ్మినచో స్మృతి చెడును. మా మనుమరాలి పాఠమునకు సారమిదియే.

ఎట్లనగా వినుడు. మిర్యాలగూడ రైసుమిల్లు గోదామును తలచుకొనుడు. సరకుతోపాటు ముందొక చీటి వచ్చినది. అందు నూఱు బస్తాలని యున్నది. గుమాస్తా చీటి చూచి నూఱు బస్తాలకు చాలునంత యఱను ఖాళీ చేయించెను. లారీలో మూడువందల బస్తాలున్నవి. మనుష్యుడైన హమాలీ అఱ నిండగానే ఆగి కేకవేయును. యంత్రమట్లు గాదు. ఆగుమని ముందే వ్రాసిపెట్టనిదే యది యాగదు. ప్రక్క యఱలోనికి, ఆపై యఱలోనికి దింపుచునే పోవును. పాటఫైలుకును ముందిట్టి చీటి యొకటి యుండును. ధ్వనిని సెకనునకెన్ని మార్లు కొలిచిరి, ఒక్కొక్క కొలత యెన్ని గడులు, ఒక్కొక్క విడతలో నెన్ని కొలతలు అనునది యందుండును. ఆ చీటిని వ్రాయువాడు పంపువాడే. పంపువాడు దుష్టుడైనచో చీటిలో అబద్ధము వ్రాయును.

హద్దు మీఱుట యెట్టిదో మన ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు సాగర్ ఎడమకాలువకు నడిగూడెము మండలమున కాగిత రామచంద్రాపురము చెంత గండి పడినది. కాలువలో నున్నంతసేపు ఆ నీరు పైరులకు ప్రాణము. గట్టు తెగినపిమ్మట ఆ నీరే పొలములను ముంచినది. నీటిగుణము మాఱలేదు, హద్దు తప్పినది.

ప్రక్క యఱ పాడైన పాడగునుగాక, ఫోను పరునికెట్లు లోబడునని నేనడిగితిని. అందుకామె చెప్పిన సమాధానమిది. స్మృతిలో సరకు మాత్రమే యుండదు. ఈ పని ముగియగానే ఏ గదికి పోయి యే యాజ్ఞ చదువవలెనో యంత్రమునకు తెలుపు గుఱుతు కూడ ఆ గడులలోనే యొకచోట నుండును. పొరలిన యంకెలు దానిమీద పడినచో పాత గుఱుతు చెఱిగి క్రొత్తది నిలుచును. యంత్రము దాని నెవరు వ్రాసిరని యడుగదు; చూపినచోటికి పోవును. పొరపాటున పొరలినచో ఫోను ఆగిపోవుటతో సరిపోవును. ఏ యంకె యే గడిమీద పడునో లెక్కగట్టి పంపగల నేర్పరి యైనచో ఫోను వాని యాజ్ఞకు లోబడును. ఇది నేటి విద్య కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో నొక విద్యార్థి విడిచిన ప్రోగ్రాము వేలకొలది కంప్యూటరులను స్తంభింపజేసినప్పుడు, అది లోనికి చొచ్చిన దారులలో నిట్టి పొరలింపును ఒకటి.

హద్దు చూచు గుమాస్తాను ముందే యేల పెట్టలేదందురా? మూటవిప్పు సాఫ్టువేరులో పెక్కుభాగము సి యను భాషయందును, దాని సంతతి భాషయందును వ్రాయబడినది. సి భాషను 1970 తరువాతి తొలియేండ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు డెన్నిస్ రిచీ రూపొందించెను. అది మిక్కిలి వేగము గలది. కాని హద్దు చూచుకొను భారమును వ్రాయువానిమీదనే విడిచినది. వ్రాయువాడు మనుష్యుడు. మనుష్యుడు మఱచును.

మఱచుట యెట్లుండునో రెండు నిజమైన దృష్టాంతములు చెప్పెదను. నాలుగంకెల మీటరు 9999 తరువాత 10000 చూపజాలక 0000 చూపును గదా. యంత్రములోని లెక్కలకును అట్టి పరిమితి యున్నది. చీటిలో మిక్కిలి పెద్ద యంకెలు వ్రాసినచో వాని మొత్తము మీటరు తిరిగి చిన్నదగును. చిన్న మొత్తము చూచి చిన్న యఱ సిద్ధముచేయుదురు. పోయునది మాత్రము పెద్దరాశి. 2015 జూలైలో జింపీరియం సంస్థలోని జాషువా డ్రేక్ యను పరిశోధకుడు ఆండ్రాయిడు ఫోనులయందలి స్టేజ్‌ఫ్రైట్ యను భాగమున నీజాతి లోపములను బయటపెట్టెను. సుమారు 95 కోట్ల ఫోనులకు ఆ యపాయము కలదని యప్పటి యంచనా. ఆ సంవత్సరమే అక్టోబరులో ఎం.పి.3 పాటఫైలు ద్వారానే జరుగగల మఱియొక లోపమును వారు ప్రకటించిరి. నేను మా యరుగుమీద నవ్విన మాట అంతకు ముందే అబద్ధమైయున్నదని అప్పుడు నాకు తెలిసినది.

రెండవది ఇంకను చిత్రము. సామ్‌సంగ్ ఫోనులలో మంకీస్ ఆడియో యను పద్ధతి మూటలను విప్పు భాగమొకటి కలదు. అది విప్పిన సరకు నుంచు అఱ 11,79,648 గడులది. ఒక్క విడతలో వచ్చు కొలతలును 11,79,648కి మించరాదని నియమము పెట్టిరి. చూచుటకు సరిపోయినట్లే యున్నది. కాని కొలతకు 3 గడులు పట్టు ఫైలు వచ్చినచో కావలసినవి 35,38,944 గడులు. గుమాస్తా లెక్క చూచెను గాని మానము చూడలేదు. సోలలకు సరిపడు పాత్రలో అన్నియే మానికలు పోసినట్లయినది. దీనిని గూగుల్ పరిశోధకురాలు నటాలీ సిల్వనోవిచ్ కనిపెట్టగా, 2024 డిసెంబరులో సామ్‌సంగ్ సవరించెను. ఇందు భయపడవలసిన విశేషమొకటి కలదు. సందేశముల సేవ యొక తీరున అమర్చియున్న గెలాక్సీ ఎస్23, ఎస్24 ఫోనులు వచ్చిన ధ్వనిసందేశమును అక్షరములుగ మార్చిచూపుటకై, యజమాని వినకముందే తమంతట తాము విప్పుచుండెను. వినకుండుటయే రక్షణ యను మాటయు అక్కడ చెల్లదు.

తాళపత్రములను పరిష్కరించినవారికి తెలిసిన దోషమొకటి ఇచ్చటను కలదు. ఆపిల్ సంస్థ తన ధ్వనిపద్ధతి యొకదాని ప్రోగ్రామును 2011లో ఎల్లరకు నిచ్చెను. తన సొంత ప్రతిని దిద్దుకొనుచు వచ్చెను గాని లోకమునకిచ్చిన ప్రతి దిద్దబడలేదు. ఆ ప్రతినే క్వాల్‌కామ్, మీడియాటెక్ అను చిప్పుల సంస్థలు తీసికొని వాడినవి. మూలకర్త యింట తప్పు పోయినది, ప్రతులలో నిలిచినది. ఆ రెండు సంస్థలును 2021 డిసెంబరులో సవరణ లిచ్చిన పిమ్మట, 2022 ఏప్రిలులో చెక్ పాయింట్ యను సంస్థ యీ సంగతిని ప్రకటించెను.

ఇవి పరిశోధకులు ముందుగ కనిపెట్టి చెప్పినవి. నిజముగ ప్రయోగింపబడినవియు కలవు. 2019లో వాట్సాప్ పిలుపుల భాగమునందు ఇట్టి పొరలింపు లోపమే యుండగా, దానిద్వారా పెగాసస్ యను గూఢచారి సాఫ్టువేరును సుమారు 1,400 ఫోనులకు పంపిరని వాట్సాప్ సంస్థ వ్యాజ్యము వేసినది. పిలుపునకు జవాబీయకున్నను పని జరిగెడిది. గుఱిచేయబడినవారిలో 121 మంది భారతీయులని ఆ సంస్థ మన ప్రభుత్వమునకు తెలిపినది. వారిలో హైదరాబాదువారును కలరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. 2025 ఏప్రిలులో ఐఫోనులయందలి ధ్వనిభాగమున నిట్టి లోపమును దిద్దుచు, కొందఱు ప్రత్యేక వ్యక్తులపై దీనిని వాడియుండవచ్చునని ఆపిల్ సంస్థయే చెప్పినది.

ఇంత చెప్పి మిమ్ము వెఱపించుట న్యాయము గాదు. ఇట్టి ప్రయోగమునకు గొప్ప నేర్పు, మిక్కిలి ధనము కావలెను. తెలిసినంతవఱకు ఇవి న్యాయవాదులు, పత్రికలవారు, ఉద్యమకారులు మొదలగువారిమీద వాడబడినవి. మన గ్రామములలో సొమ్ము పోవుచున్నది ఎక్కువగ వేఱు మార్గములనే: పెండ్లిపత్రిక పేరిట పంపిన యాప్‌ను మనచేతనే పెట్టించుట, బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ యడుగుట. అచ్చట లోపము యంత్రమునందు గాదు, మన నమ్మకమునందున్నది. ఈ రెండు నపాయములను కలగాపులగము చేసికొనరాదు. అయినను చిన్న దొంగ యున్నాడని పెద్ద గండిని పూడ్వకుండుట తెలివి గాదు. నేడు ధనికుల చేతిలోనున్న విద్య రేపు చౌకయగుట లోకములో కొత్త గాదు.

గండి పూడ్చు యత్నము లేకపోలేదు. రస్ట్ యను భాషను గ్రేడన్ హోర్ 2006లో ప్రారంభింపగా, మొజిల్లా సంస్థ పోషింపగా, 2015 మే నెలలో దాని తొలి పూర్ణరూపము వెలువడినది. యతిప్రాసలు, గణములు సరిచూచి, తప్పిన పద్యమును గ్రంథమున కెక్కనీయని పరిష్కర్తవంటి దది. ఇతరుల గడులలో వ్రాయుటకుగాని, విడిచిన గడులను మరల ముట్టుటకుగాని వీలిచ్చు ప్రోగ్రామును సాధారణముగ ముందే త్రోసివేయును. హద్దు మీఱబోయిన నడుమనే ఆపును. ఆగుట నష్టమే గాని, పరునికి తాళపుచెవి యిచ్చుటకంటె మేలు. 2016లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో రస్ట్ తో వ్రాసిచేర్చిన మొదటి భాగము ఎం.పి.4 ఫైళ్ల ముందుచీటిని చదువునదియే. ఆండ్రాయిడు లోపములలో స్మృతిసంబంధమైనవి 2019లో నూటికి 76 కాగా, క్రొత్త భాగములను ఇట్టి భాషలలో వ్రాయుటచేత 2024 నాటికి 24కు దిగినవని గూగుల్ ప్రకటించినది.

ఇక మనము చేయదగిన పనులు. ఫోను అడుగు సెక్యూరిటీ అప్‌డేటును రేపటికని త్రోయకుడు. నేనట్లు ఏడాదిన్నర త్రోసితిని. అది గట్టుకు వేయు మన్ను. సెట్టింగులలో కడపటి సెక్యూరిటీ అప్‌డేటు ఏనాటిదో తేదీ యుండును. మీ పిల్లలచేత చూపించుకొనుడు. వాట్సాప్‌లో పాటలు, వీడియోలు తమంతట తాము దిగకుండ అమర్చుకొనుడు. ఎఱుగనివారు పంపినది భజనయైనను తీసివేయుడు. ఇది పూర్తిరక్ష గాదు గాని, తెఱచియుంచిన తలుపులలో నొకటి మూసినట్లగును. సొమ్ము పోయినచో సిగ్గుపడక తక్షణమే 1930 నెంబరునకు ఫోను చేయుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది పాత ఫోనుల సంగతి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనునే పిల్లలు ప్రేమతో తలిదండ్రుల కిచ్చుచున్నారు. ఆ ఫోనుకే పింఛను కబురు, వడ్ల సొమ్ము కబురు వచ్చుచున్నవి. గండి పూడ్చువారు వెళ్లిపోయిన కాలువక్రింద వరి వేసినట్లున్నది మన పని.

పాఠము ముగిసిన దినముననే నేను మిత్రుని యింటికి పోయి, "నేను చెప్పినది తప్పయ్యా. నలుగురిలో చెప్పిన తప్పు గావున నలుగురిలోనే దిద్దెదను, రచ్చబండకు రమ్ము" అంటిని. అతని ఫోనులో కడపటి యప్‌డేటు నాలుగేండ్ల క్రిందటిది. మా మనుమరాలు అందలి బ్యాంకు యాప్‌ను తీయించి, సిమ్మును మీటల ఫోనులోనికి మార్పించినది. పాత ఫోను ఇప్పుడు సిమ్ము లేక, ఇంటర్నెట్టు లేక, అందు ముందే దాచుకొన్న పాటలను వినుటకు మాత్రమున్నది. అతడంతయు విని, "సరే సారూ, మరి కొత్త ఫోనుకు పైసలెవరిస్తరు?" అన్నాడు. దానికి నాకడ సమాధానము లేకపోయినది. ఒక్కటి మాత్రము చెప్పగలను. ఐరోపా యూనియనులో అమ్మకము ముగిసిన తరువాత కనీసము అయిదేండ్లు అప్‌డేట్లు ఇయ్యవలెనను నియమము 2025 జూన్ 20నుండి అమలులోనికి వచ్చినది. మనమును దుకాణములో ధర యడుగునప్పుడే, "ఎన్నేండ్లు అప్‌డేటు వచ్చును?" అని యడుగుట నేర్చుకొనవలెను. విత్తనము కొనునప్పుడు గడువుతేదీ చూచెడివారము, ఫోనుకును చూడవలదా?

రచ్చబండకడ నా మాట విన్నవారందఱును ఆ దినము అచ్చట లేకపోయిరి. వారెవరో, ఏ యూరివారో నాకు తెలియదు. నేడీ ప్రసంగమును వారుగూడ వినుచుందురను ఆశతో చెప్పితిని. వినుటవలన చెఱుపు లేదని నేనన్న మాటను ఉపసంహరించుకొనుచున్నాను.